ఒక జేబు గడియారం చెప్పిన చరిత్ర

విద్యార్థులారా!

చరిత్ర అనగానే మీకు రాజులు, యుద్ధాలు, శాసనాలు, కోటలు గుర్తుకు వస్తాయి. చరిత్రకారుడు వాడే ఆధారాల్లో శాసనాలు, పత్రాలు ఉన్నట్లే వస్తువులు కూడా ఉంటాయి. ఒక వస్తువును శ్రద్ధగా పరిశీలిస్తే అది ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేత తయారైందో, ఎవరెవరి చేతుల మీదుగా మన దాకా వచ్చిందో కొంతవరకు తెలుసుకోవచ్చు. ఎంతవరకు తెలుసుకోగలం, ఎక్కడ ఆగిపోవాలి అన్నది కూడా ఆ వస్తువే నేర్పుతుంది. ఈ పాఠంలో మనం అలాంటి ఒక వస్తువును తీసుకుందాం. అది ఒక పాత జేబు గడియారం.

1. గడియారం నా చేతికి ఎలా వచ్చింది?

నేను భౌతికశాస్త్రం బోధిస్తాను. మా తాతగారు రైల్వేలో పాయింట్స్‌మన్‌గా పనిచేశారు. ఆయన జేబులో గొలుసుతో ఒక గడియారం ఉండేదట. ఆయన పోయాక ఇంటి అవసరాలకు దాన్ని అమ్మేశారని మా నాన్నగారు చెప్పేవారు. నేను దాన్ని చూడలేదు. అందుకే ఇంటర్నెట్ వేలంలో ‘పాత రైల్వే వాచీ’ అన్న మాట కనిపించగానే నా మనసు ఆగలేదు. అమ్మేవారు ఇచ్చిన వివరణ ఇలా ఉంది: ‘భారతదేశంలో పనిచేసిన ఇంగ్లీషు రైల్వే ఇంజినీరు పి.ఎస్. బార్ట్‌లెట్ దొరగారి సొంత వాచీ. అసలు వెండి. 1880ల నాటిది. బాగా నడుస్తోంది.’ ఆరు వేల ఎనిమిది వందల రూపాయలకు వేలం నా పేరున ముగిసింది.

గడియారం వచ్చింది. కీ ఇస్తే నడవలేదు. లోపల యంత్రం మీద మాత్రం పి.ఎస్. బార్ట్‌లెట్ అన్న పేరు అందంగా చెక్కి ఉంది. నేను సంతోషించాను. మర్నాడు తరగతికి తీసుకెళ్లి, గోదావరి వంతెనల కాలం నాటి ఒక దొరగారి గడియారం అంటూ పిల్లలకు కథ చెప్పాను. అందరూ ఆసక్తిగా విన్నారు. చివరి బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, “సార్, సొంత పేరైతే పైన మూత మీద చెక్కించుకుంటారు కదా? ఎవరికీ కనబడకుండా లోపల చక్రాల పక్కన ఎందుకు చెక్కించుకున్నాడు?” అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఆధారం చూడకుండా నేను నమ్మాను. నమ్మినదాన్ని పాఠంగా చెప్పాను. ఆ ప్రశ్నతోనే అసలు పరిశోధన మొదలైంది.

2. పేర్లు, అంకెలు చదవడం

జేబు గడియారంలో రెండు భాగాలను వేరువేరుగా చూడాలి. ఒకటి లోపలి యంత్రం. రెండోది దానికి తొడిగిన కేసు, అంటే డబ్బా. పాతకాలంలో ఈ రెండూ చాలాసార్లు వేర్వేరు చోట్ల, వేర్వేరు కంపెనీల్లో తయారయ్యేవి. కాబట్టి కేసు వయసును యంత్రం వయసుగా అనుకోరాదు.

ముందు డయల్ చూద్దాం. తెల్లని పింగాణీ డయల్ మీద ‘అమెరికన్ వాల్తామ్ వాచ్ కంపెనీ’ అని ఉంది. అంటే ఇది ఇంగ్లీషు గడియారం కాదు, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో వాల్తామ్ అనే ఊళ్లో చేసింది. ఈ కంపెనీ తన పేరును పలుసార్లు మార్చుకుంది. 1859 నుంచి ‘అమెరికన్ వాచ్ కంపెనీ’, 1885 నుంచి ‘అమెరికన్ వాల్తామ్ వాచ్ కంపెనీ’, 1906 తర్వాత ‘వాల్తామ్ వాచ్ కంపెనీ’. డయల్ మీద ఉన్న పేరును బట్టే మన గడియారం సుమారుగా 1885కూ 1906కూ మధ్యదని తేలుతుంది. ఒక్క పేరు చదివితే ఇరవై ఏళ్ల పరిధి దొరికింది.

తర్వాత వరుస సంఖ్య. వాల్తామ్ కంపెనీ ప్రతి యంత్రం మీద ఒక సంఖ్య చెక్కేది. ఏ సంఖ్య ఏ సంవత్సరం ప్రాంతానిదో తెలిపే పట్టికలు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. మన గడియారం సంఖ్య తొంభై ఒక్క లక్షల పైచిలుకు. అది 1899 ప్రాంతానికి సరిపోతుంది. పట్టికలు ఒకటి రెండేళ్లు అటూఇటూ కావచ్చు కాబట్టి ‘ప్రాంతం’ అనడమే న్యాయం.

ఇక బార్ట్‌లెట్ సంగతి. వాల్తామ్ కంపెనీ తన గడియారాలను నాణ్యతను బట్టి శ్రేణులుగా విభజించి, ఒక్కో శ్రేణికి ఒక్కో పేరు పెట్టేది. పి.ఎస్. బార్ట్‌లెట్ అటువంటి ఒక శ్రేణి పేరు. ఆ కంపెనీలోనే పనిచేసిన ఒక వ్యక్తి పేరు అది. 1850ల చివరి నుంచే ఆ పేరుతో గడియారాలు వచ్చాయి. ఒకటి కాదు, వేలకు వేలు. సిగరెట్టు పెట్టె మీద ఉన్న పేరు చూసి ఆ పెట్టె ఆయనదే అనుకుంటే ఎలా ఉంటుందో, నేను చెప్పిన దొరగారి కథా అలాగే ఉంది. మా విద్యార్థిని అడిగిన ప్రశ్న సరైనది. యంత్రం లోపల ఉండే పేరు సాధారణంగా చేసినవారిదో, శ్రేణిదో అవుతుంది. సొంతదారుడి పేరు కేసు మీద ఉంటుంది. వారం తర్వాత అదే తరగతిలో నిలబడి, నేను చెప్పింది తప్పు అని ఒప్పుకున్నాను.

3. కేసు మీది ముద్రలు

గోటితో వెనుక మూత తీస్తే లోపలి వైపు నాలుగు చిన్న ముద్రలు కనిపించాయి. భూతద్దంతో చూశాం. మొదటిది నడుస్తున్న సింహం. ఇది ఇంగ్లండులో స్టెర్లింగ్ వెండికి గుర్తు. వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి. రెండోది లంగరు. లంగరు బర్మింగ్‌హామ్ పరీక్షా కార్యాలయం ముద్ర. ఆ కార్యాలయం 1773లో మొదలైంది. ఆ ఊరికి సముద్రం లేకపోయినా లంగరే గుర్తయింది. మూడోది చిన్న ‘ఎ’ అక్షరం. ప్రతి ఏడాదికి ఒక అక్షరం మారుతుంది; ఆ రూపంలో ఉన్న ‘ఎ’ 1900-01కి చెందుతుంది. నాలుగోది ‘ఎ.ఎల్.డి.’ అన్న మూడక్షరాలు.

ఈ మూడక్షరాల వెనుక పెద్ద కథ ఉంది. అవి ఆరన్ లఫ్‌కిన్ డెనిసన్ అనే అమెరికా పౌరుడి పేరులోవి. 19వ శతాబ్దం నడిమి దాకా గడియారంలో ప్రతి భాగాన్నీ పనివాడు చేత్తో అరగదీసి, పక్క భాగానికి సరిపడేలా అమర్చేవాడు. ఒక గడియారంలోని చక్రం మరో గడియారంలో ఇమిడేది కాదు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ ఆయుధాగారంలో తుపాకుల భాగాలను యంత్రాల మీద ఒకే కొలతతో చేయడం డెనిసన్ చూశాడు. గడియారాలను కూడా అలా చేయవచ్చు కదా అనుకున్నాడు. 1850లో బోస్టన్ పక్కన రాక్స్‌బరీలో పని మొదలుపెట్టి, 1854లో వాల్తామ్‌కు మారాడు. 1857లో కంపెనీ దివాలా తీసింది. వేలంలో రాయల్ రాబిన్స్ అనే వ్యాపారి దాన్ని కొన్నాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు డెనిసన్ కంపెనీని విడిచి వెళ్లాడు. ఆయన ఆలోచన మాత్రం అక్కడే నిలిచింది. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో వాల్తామ్ గడియారాలను చూసి స్విట్జర్లాండు ప్రతినిధులు కలవరపడ్డారు. లాంజీన్ కంపెనీ ఇంజినీరు జాక్ డేవిడ్ అమెరికా ఫ్యాక్టరీల మీద వివరమైన నివేదిక రాశాడు. మనమూ యంత్రాలకు మారకపోతే నష్టపోతాం అన్నది దాని సారం. స్విస్ పరిశ్రమ ఆ మాట విని మారింది.

డెనిసన్ ఇంగ్లండు చేరి 1870లలో బర్మింగ్‌హామ్‌లో గడియారాల కేసులు చేసే వ్యాపారం పెట్టాడు. బ్రిటిషు సామ్రాజ్యంలోని దేశాలకు వచ్చే వాల్తామ్ యంత్రాలు అనేకం అక్కడే కేసుల్లో ఇమిడేవి. ఆయన 1895లో చనిపోయినా, కుమారుడి నిర్వహణలో అవే అక్షరాలు కొనసాగాయి. మన గడియారంలో యంత్రమూ కేసూ రెండూ ఒకే మనిషి మొదలుపెట్టిన రెండు సంస్థలవి. ఒకటి ఆయన చేజారిపోయింది, ఒకటి చేతిలో నిలిచింది.

ముద్రలు నకిలీవి కావచ్చు కదా అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. అందుకే యంత్రాన్ని, అద్దాన్ని, లోపలి ఉక్కు స్ప్రింగును తీసివేసి కేసుకు ఆర్కిమిడిస్ పరీక్ష చేశాం. గాలిలో కేసు బరువు 72.4 గ్రాములు. నీటిలో వేలాడదీసినప్పుడు తగ్గిన బరువు 7.0 గ్రాములు. భాగిస్తే 10.34 వస్తుంది. స్టెర్లింగ్ వెండి సాంద్రత సుమారు 10.4. ‘జర్మన్ సిల్వర్’ అని పిలిచే, వెండి అసలే లేని లోహం అయితే 8.6 దగ్గర వచ్చేది. కాబట్టి ముద్రలను నమ్మవచ్చు. అమ్మినవారి మాటల్లో వెండి ఒక్కటే నిజం.

4. రైల్వే వాచీయేనా?

ఈ ప్రశ్న నాకు అన్నిటికన్నా ముఖ్యం. 1891 ఏప్రిల్‌లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో కిప్టన్ అనే చోట రెండు రైళ్లు ఢీకొన్నాయి. ఒక రైలు ఇంజినీరు గడియారం కొద్ది నిమిషాలు ఆగి మళ్లీ నడిచిందని, దానివల్లే ప్రమాదం జరిగిందని చెప్పుకున్నారు. ఆ తర్వాత వెబ్ బాల్ అనే గడియారాల నిపుణుడు రైల్వే గడియారాలకు కఠినమైన నియమాలు రూపొందించాడు. డయల్‌కు మూత ఉండరాదు, కనీసం 17 జ్యూయల్స్ ఉండాలి, ఐదు భంగిమల్లో సరిచూసి ఉండాలి, వారానికి 30 సెకన్లకు మించి తేడా రాకూడదు. మన గడియారానికి డయల్ మీద మూత లేదు కానీ జ్యూయల్స్ 15 మాత్రమే. అమెరికా రైల్వే కొలతకు అది చాలదు.

ఆ నియమాలు అమెరికావి; మన దేశానివి కావు. ఇక్కడ రైల్వే కంపెనీలు తమ సొంత గడియారాల మీద సాధారణంగా కంపెనీ పొడి అక్షరాలూ ఒక సంఖ్యా చెక్కించేవి. మన గడియారం మీద అవేవీ లేవు. ఎవరో రైల్వే ఉద్యోగి తన డబ్బుతో కొనుక్కుని ఉండవచ్చా? ఉండవచ్చు. ప్లీడరు గారో, పోస్టుమాస్టరు గారో కొని ఉండవచ్చా? అదీ ఉండవచ్చు. ‘రైల్వే వాచీ’ అనడానికి ఆధారం లేదు. ఇంజన్ బొమ్మ, ‘రైల్వే’ అన్న మాట ముద్రించిన చవక గడియారాలు కూడా మన దేశంలో చాలా అమ్ముడయ్యాయి. అది అమ్మకం కోసం వేసిన అలంకారం తప్ప, రైల్వేవారు ఇచ్చినట్లు రుజువు కాదు.

రైళ్లకూ గడియారాలకూ ఉన్న సంబంధం మాత్రం నిజమైనది. ఒకప్పుడు మన దేశంలో ఏ ఊరి సమయం ఆ ఊరిదే. 1853లో బోరీబందర్ నుంచి ఠాణాకు రైలు మొదలయ్యాక దేశమంతటికీ ఒకే సమయం అవసరం పెరిగింది. 1792లో వెలసిన మద్రాసు నక్షత్రశాల లెక్కించిన మద్రాసు సమయాన్ని రైల్వేలు వాడుకున్నాయి. 1906 జనవరి 1 నుంచి 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం ఆధారంగా భారత ప్రామాణిక సమయం వచ్చింది. ఆ రేఖ మన రాష్ట్రంలో కాకినాడకూ తునికీ మధ్యగా వెళ్తుంది. ఈ గడియారం అప్పటికి దక్షిణాదిలో ఎవరి జేబులోనైనా ఉండి ఉంటే, ఆయన దాని ముల్లును సుమారు 9 నిమిషాలు ముందుకు తిప్పుకుని ఉంటాడు. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ సొంత సమయాన్ని వదల్లేదు. సమయం కూడా నిర్ణయమే, ప్రకృతి ఇచ్చిన అంకె కాదని దీనివల్ల తెలుస్తుంది.

5. గుండె ఎలా కొట్టుకుంటుంది?

బాగుచేసే ముందు పనితీరు తెలియాలి. కీ ఇచ్చినప్పుడు ఒక డబ్బీలో చుట్టిన ఉక్కు పట్టీ బిగుసుకుంటుంది. దాన్ని మెయిన్‌స్ప్రింగ్ అంటారు. అది విప్పుకుంటూ పళ్ల చక్రాలను తిప్పుతుంది. అలా వదిలేస్తే క్షణాల్లో అంతా విప్పుకుపోతుంది. దాన్ని ఆపి, ఆపి వదిలేది లివర్ అనే చిన్న కొమ్మ. ఈ పద్ధతిని 1750లలో ఇంగ్లండులో థామస్ మడ్జ్ కనిపెట్టాడు. ఎంతసేపటికోసారి వదలాలో చెప్పేది బాలెన్సు చక్రం. దాని నడుమ వెంట్రుకంత సన్నని హెయిర్‌స్ప్రింగ్ ఉంటుంది.

హెయిర్‌స్ప్రింగ్‌ను 1675లో క్రిస్టియాన్ హైగెన్స్ ప్రకటించాడు. ఆ ఆలోచన ముందు నాదేనని రాబర్ట్ హుక్ గొడవపడ్డాడు. మీరు పాఠ్యపుస్తకంలో చదివే హుక్ సూత్రమే ఇక్కడ పనిచేస్తుంది. స్ప్రింగును ఎంత తిప్పితే అంత బలంగా వెనక్కి లాగుతుంది. అందుకే చక్రం ఎక్కువ తిరిగినా తక్కువ తిరిగినా ఒక ఊపుకు పట్టే కాలం దాదాపు ఒకటే. మన గడియారం సెకనుకు 5 సార్లు ‘టిక్కు’ మంటుంది. గంటకు 18,000, రోజుకు 4,32,000.

వేడి దీనికి పెద్ద శత్రువు. వేడెక్కితే ఉక్కు స్ప్రింగు బిగువు తగ్గుతుంది. ఏ ఏర్పాటూ లేని చక్రమైతే ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగినప్పుడు రోజుకు సుమారు 10 సెకన్లు వెనకబడుతుంది. ఎండాకాలం మన విజయవాడలో దాని గతి ఊహించండి! అందుకే బాలెన్సు చక్రం అంచును బయట ఇత్తడి, లోపల ఉక్కు కలిపి చేసి, రెండు చోట్ల కోశారు. ఇత్తడి ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి వేడికి అంచు లోపలికి వంగుతుంది. చక్రం కాస్త వేగంగా ఊగి, పోయిన సమయాన్ని పూడుస్తుంది. తర్వాతి కాలంలో చార్లెస్ ఎడ్వర్డ్ గియోమ్ కనిపెట్టిన నికెల్ ఉక్కు మిశ్రమాలు ఈ సమస్యను తేలిక చేశాయి. ఆయనకు 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

జ్యూయల్స్ అంటే నగల కోసం కాదు. ఇరుసు కొనలు తిరిగే చోట ఉంచిన రంధ్రపు రాళ్లు. గట్టిగా, నున్నగా ఉండి అరుగుదలను తగ్గిస్తాయి. 1704లో లండనులో ఫాతియో ద డ్యూలియే, డెబౌఫ్రే సోదరులు దీనికి పేటెంటు పొందారు. కృత్రిమ కెంపులు చేసే వెర్నోయ్ పద్ధతి 1902లో వెల్లడయ్యాక అవి చవకయ్యాయి.

6. బాగుచేయడం: ఎంత చేయాలి, ఎక్కడ ఆగాలి?

మా ఊళ్లో యాభై ఏళ్లుగా గడియారాలు బాగుచేస్తున్న ఒక పెద్దాయన ఉన్నారు. కంటికి అద్దం పెట్టుకుని చూసి, “మాస్టారూ, దీనికి మూడు జబ్బులు” అన్నారు. పాత నూనె ఎండి జిగురైపోయింది. మెయిన్‌స్ప్రింగ్ విరిగింది. బాలెన్సు చక్రం ఇరుసు కొన ఒకటి తెగింది. ఎప్పుడో కింద పడి ఉంటుంది. ఎండిన నూనెతో ఉన్న గడియారానికి కీ ఇచ్చి ఊపి చూడడం ఎంత తప్పో అప్పుడు తెలిసింది. నేను మొదటిరోజు చేసిన పని అదే.

ఆయన ప్రతి భాగాన్నీ విప్పే ముందు నన్ను ఫోటో తీయమన్నారు. విప్పిన మరలను ఏ గదికి ఆ గదిగా పెట్టెలో ఉంచారు. ద్రావకంలో కడిగి, సన్నని కర్రపుల్లతో రంధ్రాలు తుడిచారు. ఈ ద్రావకాలు సులభంగా అంటుకుంటాయి. మీరు ఇంట్లో ప్రయత్నించవద్దు.

విరిగిన భాగాల మాటేమిటి? అదే వాల్తామ్, అదే నమూనా, చచ్చిపోయిన మరో గడియారం ఆయన డబ్బాలో ఉంది. దాని ఇరుసు తీసి, కొన కొద్దిగా మెరుగుపెట్టి దీనికి అమర్చారు. సరిపోయింది! డెనిసన్ ఆయుధాగారంలో చూసి కన్న కల ఇదే కదా. నూరేళ్లు దాటాక, సముద్రాల అవతల, ఆయన ఎన్నడూ చూడని ఊళ్లో ఒక గడియారం భాగం మరో గడియారంలో ఇమిడింది. ఇదివరకటి చేతిపని గడియారమైతే కొత్త ఇరుసును లేత్ మీద చేయాల్సి వచ్చేది.

నేను కేసును మెరుగుపెట్టించమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. “మెరుగుపెడితే ముద్రలు అరిగిపోతాయి మాస్టారూ. ఇక దీని వయసు ఎవరు చెబుతారు?” అన్నారు. డయల్ మీది వెంట్రుక పగుళ్లను కూడా అలాగే ఉంచాం. బాగుచేయడం అంటే కొత్తదిగా చేయడం కాదు. నడవడానికి అవసరమైనంతే మార్చాలి. మార్చినదాన్ని రాసి ఉంచాలి. తీసిన పాత భాగాన్ని పారేయకూడదు.

ఒక హెచ్చరిక. 1910ల తర్వాత వచ్చిన కొన్ని గడియారాల అంకెలకు చీకట్లో వెలగడానికి రేడియం పూశారు. ఇప్పుడు వెలుగు పోయినా రేడియం పోలేదు. దాని అర్ధజీవితకాలం సుమారు 1600 ఏళ్లు. ఆ డయల్‌ను గీకడం, ఆ పొడి పీల్చడం ప్రమాదం. అలాంటి పాత గడియారం ఇంట్లో ఉంటే తెరవకండి. ఇంకొకటి: నూరేళ్లు దాటిన కళావస్తువులకు, పురావస్తువులకు 1972 నాటి చట్టం వర్తిస్తుంది. వాటిని అనుమతి లేకుండా దేశం దాటించరాదు.

నడక మొదలయ్యాక రోజుకు 43 సెకన్ల తేడా వచ్చింది. రోజుకు 86,400 సెకన్లు. అంటే తేడా రెండు వేలలో ఒక వంతు. అంత వయసు యంత్రానికి అది తక్కువ గౌరవమేమీ కాదు.

7. మూత లోపల గీతలు

ఇప్పుడు నా మనసును ఎక్కువగా తాకిన విషయం చెబుతాను. గడియారాలు బాగుచేసేవారు తమ గుర్తు కోసం మూత లోపల సూదితో సన్నగా గీసే అలవాటు ఉంది. మన గడియారంలో అలాంటివి మూడు కనిపించాయి. రెండు ఇంగ్లీషు అంకెల్లో: 4-12, 9-27. మూడోది తెలుగు అంకెల్లో: ౬-౩౪. దాని పక్కన ‘వే’ అన్న ఒక్క తెలుగు అక్షరం.

మొదటి రెండింటి వరుసను బట్టి ఇవి నెల, సంవత్సరం కావచ్చు. అలాగైతే మూడోది 1934 జూన్. తెలుగు చదువు వచ్చిన ఒక పనివాడు ఈ గడియారాన్ని తెరిచి, తుడిచి, నూనె వేసి మూశాడు. ఆయన ఎక్కడివాడు? బెజవాడో, బందరో, మద్రాసో, తెలుగువారు ఎందరో బతకడానికి వెళ్లిన రంగూనో మనకు తెలియదు. ‘వే’ ఆయన పేరా, గడియారం యజమాని పేరా? అదీ చెప్పలేం. 34 సంవత్సరం కాక పని సంఖ్య అయ్యే అవకాశమూ ఉంది. ఇక్కడ ఊహకు హద్దు గీయాలి.

ఇలాంటి గీతలు ఎంత విలువైనవో ఒక ప్రసిద్ధ ఉదాహరణ చూడండి. అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ గడియారాన్ని 1861 ఏప్రిల్‌లో వాషింగ్టనులో జొనాథన్ డిల్లన్ అనే పనివాడు బాగుచేస్తున్నాడు. అంతర్యుద్ధం మొదలైందన్న వార్త అప్పుడే వచ్చింది. గడియారం లోపల తాను ఒక సందేశం చెక్కానని, అందులో బానిసత్వం అంతమైందని రాశానని 1906లో, ఎనభై దాటిన వయసులో, ఆయన ఒక పత్రికకు చెప్పాడు. 2009 మార్చి 10న స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఆ గడియారాన్ని తెరిచారు. సందేశం నిజంగానే ఉంది! కానీ మాటలు వేరు. సమ్టర్ కోట మీద తిరుగుబాటుదారులు దాడి చేశారని, మనకు ఒక ప్రభుత్వం ఉన్నందుకు దేవుడికి కృతజ్ఞతలని ఉంది. బానిసత్వం ప్రస్తావనే లేదు. దాడి జరిగింది ఏప్రిల్ 12న అయితే, ఆయన వేసిన తేదీ 13.

డిల్లన్ అబద్ధం చెప్పాడా? అలా అనుకోనక్కరలేదు. తర్వాతి నలభై అయిదేళ్ల చరిత్ర ఆయన జ్ఞాపకంలోకి చేరిపోయింది. తాను రాయవలసింది అదేనని అనిపించి, అదే రాసినట్లు గుర్తుండిపోయింది. జ్ఞాపకం మారుతుంది, లోహం మీద గీత మారదు. అయితే ఆ జ్ఞాపకం లేకపోతే గడియారాన్ని తెరిచి చూడాలన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు. చరిత్రకారుడికి రెండూ కావాలి. ఒకదాన్ని ఇంకొకదానితో సరిచూసుకోవాలి.

8. ముగింపు

విద్యార్థులారా! అమ్మినవారు చెప్పిన దొరగారి కథ కరిగిపోయింది. రైల్వే కథ నిలబడలేదు. మా తాతగారి గడియారం కోసం వెతికిన నాకు మొదట్లో కొంచెం బాధ కలిగిన మాట నిజం. కానీ చేతిలో మిగిలింది తక్కువేమీ కాదు. అమెరికాలో 1899 ప్రాంతంలో చేసిన యంత్రం, బర్మింగ్‌హామ్‌లో 1900-01లో ముద్ర పడిన వెండి కేసు, దాన్ని తెరిచిన తెలుగు చేయి ఒకటి. ఇవి ఎవరైనా మళ్లీ పరీక్షించి ఔననగల విషయాలు. పేరున్న దొర కన్నా, పేరు తెలియని ఆ పనివాడే నాకు ఇప్పుడు దగ్గరవాడుగా తోస్తున్నాడు.

మా పెద్దాయన మూత వేసే ముందు, మీరు కూడా ఒక గుర్తు గీయండి అన్నాను. ఆయన నవ్వి, సూది తీసుకుని, పాత గీతల కింద నెలా సంవత్సరమూ తెలుగు అంకెల్లోనే గీశారు.

మీరే చేసి చూడండి

1. మీ ఇంట్లోని ఒక పాత వస్తువును తీసుకోండి. గడియారం, కెమెరా, కుట్టుమిషను, రేడియో, ఇత్తడి బిందె ఏదైనా సరే. దాని మీద ఉన్న అక్షరాలు, అంకెలు, ముద్రలు అన్నిటినీ ఒక కాగితం మీద రాసుకోండి.

2. ఆ వస్తువు గురించి ఇంట్లో పెద్దలు చెప్పే మాటలను వేరే కాగితం మీద రాయండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో గుర్తించండి.

3. మీ నిర్ణయాలను మూడు వరుసల్లో రాయండి: రుజువైనవి, కావచ్చు అనదగినవి, చెప్పలేనివి. మూడో వరుస ఖాళీగా ఉంటే మీ పనిని మళ్లీ ఒకసారి సరిచూసుకోండి.